పేరు పెట్టి ఏడవడం

వేట నిషేధం మొదలై బోట్లన్నీ ఒడ్డెక్కిన వారంలోనే మా ఇంటికి చుట్టాలొచ్చారు. చుట్టాలని అప్పటికి మాకు తెలియదు. పూండి స్టేషన్ దగ్గర ఆటో ఎక్కి, మా వీధి మొదట్లో దిగి, కనిపించిన ప్రతి గుమ్మం ముందూ ఆగి అడుగుతూ చివరికి మా వాకిట్లో నిలబడ్డారు. పాతికేళ్ళ కుర్రాడు, వాడి వెనక ఏడో నెల కడుపుతో ఒక పిల్ల, వాళ్ళ వెనక సగం వీధి. వేట లేని రోజుల్లో మా ఊరి మగవాళ్ళకి పని ఉండదు. ఏ వింతనైనా తీరిగ్గా వెంటబడి చూస్తారు.

మా అత్త అసిరమ్మ అరుగు మీద కూర్చుని ఎండు నెత్తళ్ళలో ఇసక ఏరుతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఎవులు బాబూ మీరు? మాకేటవుతారు?"

కుర్రాడు చేతులు కట్టుకుని, బడిలో పద్యం అప్పజెప్పినట్టు చెప్పాడు. "నా పేరు ఎల్లాజీ. మా ఇంటిపేరు సూరాడోళ్ళు. మా ముత్తాత సూరాడ ఎల్లయ్య. ఈ ఊర్నుంచే ఎల్లి ఓడెక్కి రంగం పోనాడు. మేం మొక్కీ తల్లి నూకాలమ్మ. మా ముత్తాత ఇల్లు సముద్రానికి మూడో వరస, ఇంటెనకాల మొగలి డొంక ఉండీదంట. పొగబండి దిగి అడుక్కుంటా వచ్చినాం."

రంగం అంటే రంగూను. మా వైపు ముసలివాళ్ళు బర్మా దేశాన్నంతా రంగం అనే అంటారు. పొగబండి అనే మాట మాత్రం నేను మా తాత పోయాక మళ్ళీ వినలేదు. ఆ కుర్రాడి నోట్లో తెలుగు, ట్రంకుపెట్టెలో మడతపెట్టి దాచిన పంచెలా ఉంది.

సూరాడ మా అత్త పుట్టింటి పేరు. అయినా ఆవిడ కరగలేదు. "ఇంటిపేరు ఎవుడైనా సెప్పీగలడు. ఓటరు లిస్టు సూత్తే అన్నీ ఇంటిపేర్లే. ఆ గుంట పేరేటి?"

"కాసులమ్మ," అంది ఆ పిల్ల.

వీధంతా నవ్వింది. మా ఊళ్ళో ఉన్న కాసులమ్మలంతా డెబ్భై దాటినవాళ్ళే. ఇరవై రెండేళ్ళ పిల్లకి ఆ పేరేమిటని ఎవరో అన్నారు. ఆ పిల్ల కూడా నవ్వింది, ఎందుకు నవ్వుతున్నారో తెలియకపోయినా. నేను మాత్రం ఆ పిల్ల పాదాలు చూస్తున్నాను. చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగబడిపోయేంత వాపు. నేను ఈ ఇంటి కోడల్ని, హేమలత నా పేరు, ఊరికి ఆశా కార్యకర్తని. నాకు నోరెక్కువని మా ఆయన తిరుపతిరావు అంటాడు. ఆ నోరే లేకపోతే ఊళ్ళో సగం కాన్పులు ఇళ్ళలోనే అయ్యేవని నేనంటాను. కడుపుతో ఉన్న మనిషి ఎదురుపడితే నేను మొహం కంటే ముందు కాళ్ళు చూస్తాను.

"వచ్చినోళ్ళు ఎవులైనా, ముందు ఆ గుంటని కూకోబెట్టు," అన్నాను అత్తతో. ఆవిడ విసుక్కుంటూ వలల పాక వైపు చెయ్యి చూపించింది.

ఆ పాకలో కూర్చునే ఎల్లాజీ మిగతాది చెప్పాడు. అక్కడ సైన్యం చీట్లు తీసి కుర్రాళ్ళని యుద్ధానికి పట్టుకుపోతోందట. వాడి చీటీ వచ్చింది. అడవుల్లోంచి సరిహద్దు దాటి, లారీలెక్కి, రైళ్ళు మారి ఇక్కడికొచ్చారు. "అక్కడ మమ్మల్ని కొరంగీలంటారక్కా, ఓడలో ఒచ్చిన పరాయోళ్ళని. మీ దేశం పొండి అంటారు. ఇక్కడికొత్తే బర్మావోళ్ళంటన్నారు," అన్నాడు. ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు, ఇందులో ఏది నిజమో నన్నే తేల్చమన్నట్టు అడిగాడు.

*

మా అత్త వాళ్ళని చుట్టాలుగా ఒప్పుకున్నది మా వీధిలో జోగారావు తండ్రి పోయిన రోజున.

ఆయనకి కిడ్నీలు పాడై చాలా కాలమైంది. మా ఉద్దానంలో ఆ చావు కొత్త కాదు. శవాన్ని వాకిట్లో పడుకోబెట్టగానే అసిరమ్మకి కబురొచ్చింది. చావుకి ఏడవాలంటే మా ఊళ్ళో మా అత్త తర్వాతే ఎవరైనా. పక్క ఊళ్ళ నుంచి కూడా పిలుస్తారు. ఇది గొప్పో తక్కువో తెలియక కాపరానికొచ్చిన కొత్తలో నేను సిగ్గుపడేదాన్ని. ఒకసారి ఉండబట్టలేక, ఆ ముసలాయన ముఖమైనా ఎరగవు, అన్ని కన్నీళ్ళు ఎక్కడివత్తా అని వేళాకోళం చేస్తే ఆవిడ నాకు పాఠం చెప్పింది.

"ఏడుపంటే కన్నీళ్ళు కాదే కోడలా. పేరెట్టి పిలవాల. ఏ ఊర్లో పుట్టినారో సెప్పాల. ఎవులి పెనిమిటో, ఎవులి తల్లో సెప్పాల. ఎనకాల ఎవులు మిగిలిపోనారో సెప్పాల. అది సెప్పకపోతే పోయినోళ్ళకి తోవ తెలీదు. బతికున్నోళ్ళ పేరు మాత్రం ఏడుపులో ఎత్తకూడదు. ఎత్తినామా, యముడికి ఇల్లు సూపించినట్టే."

ఆ రోజు జోగారావు వాకిట్లో అత్త రాగం ఎత్తుకుంది. మొదటి చరణం అయ్యాక ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ఆ సందులో, వెనక ఎక్కడో ఆడవాళ్ళ మధ్యలోంచి, రెండో చరణం లేచింది. అదే రాగం, అదే ఊపు, చివర గొంతు విరిచే చోట అదే విరుపు. అందరం వెనక్కి తిరిగాం. కాసులమ్మ గోడకి ఆనుకుని, కళ్ళు మూసుకుని, ఎరగని ముసలాయన్ని పేరు పెట్టి పిలుస్తోంది. మా అత్త నోరు తెరిచి వింటూ ఉండిపోయింది. తర్వాత మూడో చరణం తను అందుకుంది. ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు శవం లేచేదాకా ఏడ్చారు.

ఇంటికొచ్చి కుళాయి దగ్గర తలారా నీళ్ళు పోసుకుంటూ అత్త అడిగింది.

"ఎవులు నేర్పినారే?"

"మా అమ్మమ్మ. మా పేటలో ఎవులు పోనా మా అమ్మమ్మే ఏడిసీది. అమ్మమ్మ పోతే నాను ఏడిసినాను."

"మీ అమ్మా నాన్నా?"

కాసులమ్మ చెంబు కింద పెట్టింది. "ఆళ్ళకి ఏడవనేదు. పేట మీద బాంబులేసినారు. లగెత్తీసినాం. ఆగి ఏడవడానికి నేదు."

అత్త తడి చీరతోనే నిలబడి ఆ పిల్ల తల తుడిచింది. "నీ మొగుడు నాకు మేనల్లుడు. మేనల్లుడి పెళ్ళాం అంటే కూతురే. పాకలో పడుకోకు, ఇంట్లోకి రా," అంది. ఆ రోజు నుంచి వాళ్ళు మా ఇంటి మనుషులు. నేను వదినని, అక్కని. నిషేధం భృతి ఇంకా పడలేదని సణుగుతూ ఉన్న మా ఆయన కూడా, అన్నం దగ్గర ఎల్లాజీ రాలేదంటే కంచం ముట్టేవాడు కాదు.

*

ఊరు ఒప్పుకుంది సరే, ప్రభుత్వం ఒప్పుకోవద్దూ?

మా అత్త చిన్నప్పుడు బర్మా నుంచి ఓడల్లో వచ్చిన వాళ్ళకి విశాఖపట్నంలో బర్మా క్యాంపని ఏకంగా ఒక పేటే వెలిసింది. "మా అయ్య తమ్ముడు సిన్నబాబు అక్కడే ఉండీవోడు. ఓడ దిగీసరికి మనుషులు నిలబడి ఉండీవోరంట, పేరు రాసుకోడానికి," అని అత్త ధీమాగా ఉంది. ఆ ధీమాతోనే నేను ఎల్లాజీని వెంటబెట్టుకుని తిరిగాను. మండలం ఆఫీసులో విన్నాయన ఇది పోలీసుల పని అన్నాడు. పోలీసులాయన జిల్లాకి వెళ్ళమన్నాడు. జిల్లాలో సోమవారం అర్జీల రోజున పొద్దున్నుంచీ నిలబడితే, ఒక పెద్దాయన ఎల్లాజీ చెప్పిందంతా విని, కలం మూత పెట్టేసి నన్ను పక్కకి పిలిచాడు.

"అమ్మా, వీసా లేదు, ముద్ర లేదు. నేను ఇది కాగితం మీద పెడితే ఆ అబ్బాయిని అరెస్టు చెయ్యక తప్పదు. పెట్టకపోతే నేనివ్వగలిగింది ఏమీ లేదు. మిమ్మల్ని నేను చూడలేదు. ఎండగా ఉంది, మజ్జిగ తాగి వెళ్ళండి."

మంచివాడే. మంచితనంతో ఆయన చెయ్యగలిగింది మజ్జిగ దాకానే. ఢిల్లీలో శరణార్థుల కోసం ఒక ఆఫీసుందని ఎవరో చెబితే అక్కడి నుంచే ఫోన్ చేశాను. ఇంగ్లీషులో, హిందీలో చాలాసేపు పాట వినిపించి, చివరికి ఒకావిడ దొరికింది. మనుషులు స్వయంగా రావాలంది. ఎనిమిదో నెల పడిందండీ, కాళ్ళు వాచి ఉన్నాయండీ అన్నాను. కాన్పయ్యాక రండి అంది. కాన్పెక్కడ చేయించుకోవాలో మాత్రం ఆవిడకీ తెలియదు. తిరుగు బస్సులో ఉద్దానం తోటలు దాటుతుంటే నాకు ఏడుపు కాదు, కోపం వచ్చింది. ముఖం లేని వాళ్ళ మీద కోపం వస్తే ఎక్కడ తీర్చుకోవాలో తెలియక టికెట్ల దగ్గర కండక్టరుని తిట్టాను.

ఎల్లాజీని కార్డు అడగని చోటు ఒక్కటే ఉంది. నిషేధం మోటారు బోట్లకే గాని ఒడ్డు నుంచి లాగే అలివి వలకి లేదు. ఆ వల తాడు ఎవరు పట్టినా వాడికి చేపల్లో వంతు ఉంటుంది. దారినపోయే వాడు పట్టినా ఇవ్వాల్సిందే, అది మా కట్టుబాటు. ఎల్లాజీ రోజూ పొద్దున్నే వెళ్ళి తాడు పట్టేవాడు. మొదటి రోజు తన వంతు కవల చేపల్ని ఆకులో చుట్టుకుని తెచ్చి అత్త ముందు పెట్టి, "నా పేరైనా అడగనేదత్తా," అన్నాడు. వాడి ముఖం అంత వెలిగిపోవడం నేను ఆ ఒక్కసారే చూశాను.

*

కడుపుతో ఉన్న ప్రతి మనిషినీ నేను నా ఫోన్లో ఎక్కించాలి. ఎక్కిస్తేనే తల్లీబిడ్డల కార్డు, సూదులు, రక్తపరీక్ష, స్కానింగు. ఎక్కించాలంటే ఆధార్ నంబరు కావాలి. ఆ గడి దగ్గర నా వేలు ఆగిపోయేది.

దారి చూపించింది అసిరమ్మే. "అమ్ములుది ఉంది కదేటి?"

అమ్ములు నా ఆడపడుచు. పూరీ పెంటకోటలో కాపురం. అక్కడంతా మనవాళ్ళే. కార్డులో మాత్రం ఇంకా మా ఊరే. దానికి పెళ్ళై ఆరేళ్ళు, పిల్లల్లేరు. తిరగని గుడి లేదు, మింగని మందు లేదు. అలాంటి పిల్లతో ఈ మాట ఎలా చెప్పడమని నేను నసుగుతుంటే అదే ఫోన్లో పకపకా నవ్వింది.

"ఎక్కించీ వదినా. నా పేరు మీదైనా ఒక గుంట పుట్టనీ. ఫోటో సంగతంటావా, ఆధార్లో ఎవులి ముఖం ఎవులికి తెలుత్తాది?"

తర్వాత, "దానికి సలివిడి ఎట్టమను అమ్మని," అని ఫోన్ పెట్టేసింది.

అత్త చలిమిడి చేసింది. తడి పిండి దంచి, పాకం పట్టి, కొబ్బరి ముక్కలేసి, కొత్త చీర కొంగులో మూటగట్టి కాసులమ్మ ఒళ్ళో పెట్టింది. పుట్టింటివాళ్ళు చెయ్యాల్సిన ముచ్చట అది. వీధిలో ఆడవాళ్ళు గాజులు తొడిగారు. ఇప్పుడు నవ్వడానికి ఎవరూ రాలేదు, దీవించడానికే వచ్చారు. బయట ఎవరైనా కొత్తవాళ్ళు ఎదురైతే "అమ్ములూ" అని పిలవాలని నేను అందరికీ చెప్పి పెట్టాను. కాసులమ్మ ఆ పేరుకి వెంటనే పలికేది. అక్కడ బడిలో తనకి బర్మా పేరుండేదట. పేర్లు మార్చుకోవడం అలవాటేనంది.

రక్తపోటు మాత్రం మా మాట వినలేదు. జూన్ మొదట్లో ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మ మిషను చూసి నా వైపు తిరిగింది. "హేమలతా, ఇది ఇంట్లో ఉంచుకునే కేసు కాదు. పెద్దాసుపత్రిలో చేర్చు, ఇవాళే." మేం వెళ్ళాం. చీటీ రాసే చోట వరస కదులుతోంది. ముందున్న మనిషిని బల్ల మీది చిన్న మిషను మీద బొటనవేలు పెట్టమన్నారు. ఆ వెనక మనిషినీ పెట్టమన్నారు. కాసులమ్మ అది చూసింది. నా చెయ్యి వదిలి వరసలోంచి బయటికి నడిచింది.

"ఎక్కడికే? డాక్టరమ్మ ఏటన్నాదో వినలేదా?"

"వేలు ఎడితే దొరికిపోతాం వదినా. ఆయన్ని పట్టికెల్లిపోతారు. అక్కడికి పంపీత్తారు. పంపితే ఆళ్ళు బతకనియ్యరు." చెట్టు కింద కూర్చుని కాళ్ళు చాపింది. "నాకేటి, వాపులే కదా. నిషేధం అయిపోతే ఆయన బోటెక్కుతాడు. అప్పుడు అన్నీ సూసుకుందాం."

నేను బతిమాలాను, తిట్టాను. పదిమంది చూస్తుండగా జబ్బ పట్టుకుని లాగాను. ఆ పిల్ల చెట్టు వేరు గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఒకవైపు తన ప్రాణం, ఒకవైపు మొగుడిది. ఏది ఎంచుకోవాలో అడవిలో నడుస్తున్నప్పుడే తేల్చుకున్నట్టుంది. చివరికి ఇద్దరం తిరుగు బస్సెక్కాం.

*

నిషేధం ఎత్తేసే ముందు రోజు ఊరంతా రంగులు, తారు వాసన. బోట్లకి పసుపు రాస్తున్నారు. నూకాలమ్మకి కోళ్ళు సిద్ధం చేస్తున్నారు. మిట్టమధ్యాహ్నం కుళాయి దగ్గర బిందె పడ్డ చప్పుడు విని నేను పరిగెత్తాను. కాసులమ్మ కింద పడి కొట్టుకుంటోంది. కళ్ళు తేలేసింది. గుర్రపువాతం అంటారు మా ముసలివాళ్ళు. కడుపుతో ఉన్నవాళ్ళకి రక్తపోటు పెరిగితే వచ్చే ఫిట్స్ అది.

నూట ఎనిమిది వచ్చింది. పెద్దాసుపత్రి గేటు దగ్గర స్ట్రెచరు పరిగెత్తుకుంటూ ఎదురొచ్చింది. ఎవరూ వేలు అడగలేదు. కార్డు కూడా తర్వాత చూస్తాం పదండి అన్నారు. ప్రాణం మీదికొస్తే ఎవరినీ ఏదీ అడగరని, ముందు చేర్చుకుంటారని, ఆ రోజు వరసలో కూడా ఒక మాట చెబితే వేలు లేకుండానే చీటీ రాసేవారని తర్వాత ఒక నర్సమ్మ నాతో అంది. ఆ ఒక్క ముక్క మాకు ముందే చెప్పేవాళ్ళు ఈ దేశంలో ఎవరూ లేకపోయారు. ఇరవై ఏళ్ళుగా ఆసుపత్రుల చుట్టూ తిరిగే నాకే తెలియకపోయింది.

ఆడపిల్ల పుట్టింది. బరువు తక్కువైనా బతికింది. కాసులమ్మ సాయంత్రం దాకా కూడా ఉండలేదు.

నర్సమ్మ వార్డు తలుపు తీసి, చేతిలో కేసు షీటు చూస్తూ, "అమ్ములు తాలూకు ఎవరమ్మా?" అని పిలిచింది. ఎల్లాజీ గోడ పక్కన నేల మీద కూలబడ్డాడు. నేను అత్త చెవిలో గబగబా చెప్పాను. నా మనసులో ఆ క్షణాన ఉన్నది ఒక్కటే, బిడ్డనీ తండ్రినీ కలిపి బయటికి తీసుకుపోవడం. కాగితం మీద అమ్ములు చచ్చిపోయినా పర్వాలేదు. తర్వాత ఎవరి కాళ్ళైనా పట్టుకుని దాన్ని బతికించుకోవచ్చు.

"అత్తా, పేరొద్దు. పేరు లేకుండా ఏడు. లేదంటే అమ్ములూ అను. తప్పదు. పక్కన కానిస్టేబులున్నాడు."

అత్త తల ఊపింది. అర్థమైందనే అనుకున్నాను. వరండా మధ్యలో కూర్చుని, కొప్పు విప్పి, రెండు చేతులూ నేలకేసి కొట్టింది.

"ఓ నా తల్లో..."

వరండాలో జనం ఇటు తిరిగారు.

"ఓ నా కన్నతల్లో... ఓ నా..."

పేరు రావాల్సిన చోటు అది. అక్కడ ఆగింది. అంతసేపు ఊపిరి బిగబట్టగలదని నాకు తెలియదు. ఆవిడ పెదవులు కదిలాయి. 'అ' అనే ఆకారం వచ్చినట్టే వచ్చి పోయింది.

"కాసులమ్మో..." అంది మా అత్త. "రంగం నుంచొచ్చినావే కాసులమ్మో. అడివిలో నడిసొచ్చినావే కాసులమ్మో. సూరాడోళ్ళ ఎల్లాజీ పెళ్ళానివే తల్లో. అమ్మకి ఏడవనేదే, నాన్నకి ఏడవనేదే. పసిగుంటనొగ్గీసి ఎల్లిపోనావే కాసులమ్మో..."

పేరు, పుట్టిన ఊరు, పెనిమిటి, వెనక మిగిలినవాళ్ళు. ఏదీ వదలలేదు. ఏడుపు ఎలా ఏడవాలో అలాగే ఏడ్చింది. నర్సమ్మ కేసు షీటు వైపు, అత్త వైపు మార్చి మార్చి చూసింది. కానిస్టేబుల్ ఫోను జేబులో పెట్టుకుని లేచి వచ్చాడు. ఏడుపు పూర్తయ్యేదాకా మాత్రం పక్కన నిలబడ్డాడు.

*

ఆ కానిస్టేబుల్ మీద నాకు కోపం లేదు. శవాన్ని మా ఊరికి తీసుకుపోనిచ్చారు. ఎల్లాజీని జీపులో వెంట తెచ్చి, ఇసకలో గొయ్యి దగ్గర నిలబడనిచ్చారు. వాడు గుప్పెడు ఇసక వేశాడు. తిరిగి వెళ్ళేటప్పుడు జీపు ఒడ్డు ఇసకలో కూరుకుపోయింది. పోలీసులు ఎంత రేజ్ చేసినా కదల్లేదు. చివరికి మా వాళ్ళే వెళ్ళి, తిరుపతిరావు, జోగారావు, వీధిలో మగవాళ్ళంతా, బోటుని తోసినట్టు భుజాలు పెట్టి తోశారు. లోపల కూర్చున్న ఎల్లాజీ అలవాటు కొద్దీ తనూ దిగి తొయ్యబోయాడు. కూర్చోమన్నారు.

జీపు కదిలే ముందు వాడు కిటికీలోంచి అత్తని పిలిచాడు.

"అత్తా, మా కాసుకి బాగా ఏడిసినావు. తోవ తెలుత్తాదిలే."

నేను అక్కడ నిలబడలేక తోటల్లోకి వెళ్ళిపోయాను. వాడు తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని.

వాడిని కోర్టుకి, కోర్టు నుంచి జైలుకి, అక్కడి నుంచి వేరే రాష్ట్రంలో ఎక్కడికో పంపారు. ఎక్కడికో ఇప్పటికీ సరిగ్గా తెలియదు. నన్ను పనిలోంచి తీసేశారు. తప్పుడు పేరు ఎక్కించినందుకు తీసేశారు కాబట్టి కాదనడానికి లేదు. బిడ్డకి బంధువులెవరూ లేరని రాసి శ్రీకాకుళం శిశుగృహకి ఇచ్చారు. ఆసుపత్రి వాళ్ళు కాగితాలన్నీ దిద్దారు. మా కాసులమ్మ పేరు ఈ దేశంలో మొట్టమొదట రాసింది ఆమె చావు కాగితం మీద.

కర్మ రోజుకి పూరీ నుంచి అమ్ములు వచ్చింది. పోలీసులు దాన్నీ పిలిపించి ప్రశ్నలడిగారు. దానికి ఆ కోపం లేదు. వచ్చీ రాగానే తల్లి పక్కన కూర్చుంది.

"నా పేరెట్టి ఏడిసీవలసింది అమ్మా."

"అదేటి మాటే?" అన్నాను నేను.

"నువ్వుండు వదినా. అమ్మా, నా పేరెత్తితే నాకేటయిపోద్ది? రాయిలాగున్నాను. ఆ గుంటడు ఈపాటికి బోటు మీదుండీవోడు. ఆ పసిదాన్ని నాను పెంచుకుందును. ఒక్క పేరు. ఒక్క పేరు ఎత్తలేకపోనావు."

అత్త నేల చూస్తూనే అంది, "తల్లి నోట రాదే ఆ మాట."

"రావాల. రప్పించుకోవాల."

"నీకు కడుపు పండుంటే తెలిసీదే," అంది అసిరమ్మ.

అన్నాక ఆవిడే అదిరిపడి నోటి మీద చెయ్యి వేసుకుంది. అమ్ములు లేచింది. పళ్ళెంలో అన్నం అలాగే వదిలి, సంచీ తీసుకుని, పూండి ఆటో కోసం వీధి చివర నిలబడింది. నేను వెంటబడి చెయ్యి పట్టుకుంటే మెల్లగా విడిపించుకుంది. ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తుంది, వాళ్ళన్నకి చేస్తుంది. తల్లికి చెయ్యదు. అత్త కూడా ఆ తర్వాత ఏ చావుకీ ఏడవలేదు. కబురొస్తే వెళ్ళి ఓ మూల కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంటుంది. ఊళ్ళో ఇప్పుడు చావులు చప్పుడు లేకుండా అయిపోతున్నాయి.

వానలు పట్టాక ఒక రోజు నన్ను లేపి, "బస్సెన్నింటికే?" అని అడిగింది. ఎక్కడికని నేను అడగలేదు.

శిశుగృహ గేటు దగ్గర ఒక ఆయా వచ్చింది. మా వైపు మనిషే, యాస విని తెలిసింది. కటకటాల అవతలే నిలబడి అడిగింది.

"ఎవులు మీరు? ఆ పాపకేటవుతారు?"

మా అత్త గొడుగు మూసి కింద పెట్టింది. వాన పడుతూనే ఉంది. చేతులు కట్టుకుంది. ఏప్రిల్‌లో మా వాకిట్లో ఎల్లాజీ ఎలా నిలబడ్డాడో అలాగే నిలబడింది.

"నాను సూరాడోళ్ళ ఆడపడుచుని. దీని తండ్రి ఎల్లాజీ నాకు మేనల్లుడు. దీని తాతకి తాత సూరాడ ఎల్లయ్య, మా ఊర్నుంచే ఎల్లి ఓడెక్కి రంగం పోనాడు. మేం మొక్కీ తల్లి నూకాలమ్మ. ఆళ్ళ ఇల్లు సముద్రానికి మూడో వరస, ఎనకాల మొగలి డొంక ఉండీది. దీని తల్లి కాసులమ్మ. నా సేత్తో సలివిడి ఎట్టినాను."

ఆయా చివరిదాకా ఓపిగ్గా వింది. లోపల ఎక్కడో ఒక పసిబిడ్డ ఏడుస్తోంది. అది మా బిడ్డో, ఇంకెవరి బిడ్డో.

"అదంతా సరేనమ్మా," అంది ఆయా. "కాయితం ఏదైనా ఉందా?"